జామకాయలు ఉడికిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా నోటికి ఎదురు ఉండేది కాదు. గొప్పకు చెప్పడం లేదు. పదేళ్ళ పిల్లతో వాదన ఎందుకని పెద్దవాళ్ళు ఊరుకుంటే, అది నా గెలుపేననుకునేదాన్ని. మార్కాపురం తాలూకాలో మాది సేద్యం చేసుకునే ఇల్లు. దొడ్లో గొర్రెలు కూడా ఉండేవి. ఆడపిల్లలు బడికి పోవడమే అరుదైన ఆ మద్రాసు గవర్నమెంటు రోజుల్లో నన్ను బోర్డు స్కూలుకు పంపారు. ఆ గర్వం కూడా నోటికి తోడైంది.

ఆ ఏడు వానలు వెనకపట్టాక మా అవ్వకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళో వైద్యం చేసే ఆచారి ఇచ్చిన గుళికలు పనిచేయలేదు. గంజి పోస్తే గంజి, మజ్జిగ పోస్తే మజ్జిగ, ఏదీ కడుపులో నిలిచేది కాదు. చిక్కి చిక్కి, మంచం నులకకూ ఆమెకూ తేడా తెలియకుండా పోయింది.

అప్పుడు వచ్చింది బంగళా వంటామె. ఊరికీ, అంటరానివాళ్ళుండే పల్లెకూ నడుమ ఒక మిషన్ బంగళా ఉండేది. అందులోని తెల్ల దొరసానికి ఆమె వంట చేసేది. పల్లెలోని క్రైస్తవుల ఇంటి మనిషి. బంగళాలో చేరకముందు ఏళ్ళ తరబడి మా చేలో కలుపు తీసింది. ఆ గట్ల మీద మా అవ్వా ఆమే ఒకరి కష్టం ఒకరికి చెప్పుకున్నవాళ్ళు. దొరసాని జామకాయలు పచ్చివి తినేది కాదట. తోటలో కాసినవాటిని ముక్కలు కోయించి, చక్కెరా రెండు లవంగాలూ వేసి, సన్నటి సెగ మీద మెత్తగా ఉడికించి, ముక్కలు మాత్రం పళ్ళెంలో పెట్టించుకునేది. అడుగున మిగిలిన లేత ఎరుపు నీళ్ళు వంటామెవి. వాటినే ఆమె చెంబులో తెచ్చి, మా దొడ్డివాకిలి దగ్గర నిలబడి, మా గిన్నెలో పోసి పోయేది. అవి మాత్రం అవ్వ కడుపులో నిలిచాయి.

అదేమిటని నాయన మొదటిరోజే అడిగాడు. "మందు," అంది అవ్వ మంచంలోంచే. ఆ ఒక్క మాటతో అంతా సర్దుకుంది. పల్లె మనుషుల చేతి నీళ్ళు మా ఇంట్లో ఎవరూ ముట్టేవారు కాదు. మందుకు మాత్రం అంటు లేదు. నాయనకు అసలు సంగతి తెలియక కాదు. తల్లి బతకాలి, కట్టుబాటూ నిలవాలి. ఆ రెండింటికీ ఆ మాట సరిపోయింది. ఇంట్లో అది అర్థం కానిది నాకొక్కదానికే.

తోటి పిల్లలతో జామకాయలకని బంగళా తోటలో దూరినప్పుడు, వంటింటి కిటికీలోంచి ఆ గిన్నె ఉడకడం నేను చూశాను. మర్నాడు పొద్దున గిద్దలూరు నుంచి మా పెదనాయన వచ్చి, వాకిట్లో నాయనతో మాట్లాడుతూ కూర్చున్నాడు. వంటామె చెంబుతో వచ్చి నిలబడింది.

"ఏందది?" అన్నాడు పెదనాయన.

"అమ్మకు మందు," అన్నాడు నాయన.

"మందు గాదు, పెదనాయనా," అన్నాను నేను. "జామకాయలు ఉడకబెట్టిన నీళ్ళు. నేను చూసినా. మందైతే ఆ కాయలు దొరసాని రోజూ ఎందుకు తింటాది? ఆమెకేం రోగం?"

పెదనాయన తొడ చరిచి నవ్వాడు. "ఒరేయ్, ప్లీడరును కన్నావు గదరా నువ్వు!"

ఆ నవ్వుతో నాకు ఇంకా ఊపు వచ్చింది. "పప్పు ఉడికిన నీళ్ళను కట్టంటాం, బియ్యం ఉడికిన నీళ్ళను గంజంటాం. వాటిని మందంటామా? ఇవీ అంతే. నీళ్ళంటే నీళ్ళే."

నాయన ముఖం మాడిపోయింది. అన్న ముందర ఇక తెలియనట్టు ఉండడానికి లేదు. వంటామె వైపు తిరిగాడు. "ఏమ్మే, పిల్ల చెప్పేది నిజమేనా?"

కాదయ్యా, ఇందులో వేర్లు వేసినా, ఆకులు వేసినా అని ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అబద్ధాలకోరునయ్యేదాన్ని, నీళ్ళు లోపలికి వచ్చేవి. ఆమె నా వైపు ఒకసారి చూసింది.

"పిల్ల అబద్ధం చెప్పలేదయ్యా," అంది. "పండ్లు ఉడికిన నీళ్ళే."

"అయితే ఎత్తుకపో."

చెంబు ఎత్తుకుని వెళ్ళిపోయింది. అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. నేను మాత్రం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మూడో రోజు నాయన కంభం సంతకు పోయాడు. అప్పటికి అవ్వ పెదవులు పగిలిపోయాయి. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. నన్ను పిలిచి చెంబు చూపించింది.

"బంగళాకు పోయి తీసుకరా."

"ఏమని అడగాల అవ్వా?"

"అది నువ్వే తేల్చు. మందంటే అబద్ధమంటివి. నీళ్ళంటే మీ నాయన తాగనియ్యడు. సదువుకునేదానివి గదా, దానికొక పేరు పెట్టి అడిగి తీసుకరా. నాలిక పిడచకట్టుకపోతాంది."

ఆ గొంతులో కోపం లేదు. ఉండుంటే నేనూ ఒక మాట అనేదాన్ని.

దారి పొడుగునా పేర్లు వెతికాను. రసమందామంటే ఎవరూ పిండలేదు. పానకమందామంటే ఎవరూ కలపలేదు. కషాయమంటే మళ్ళీ మందే. పండును ఉడకబెట్టే అలవాటు మాకు లేదు గనుక ఆ నీళ్ళకు మా ఇళ్ళల్లో పేరే పుట్టలేదు. పోనీ నీళ్ళనే అడుగుదామంటే, పల్లె మనిషిని చెయ్యి చాచి నీళ్ళడిగిన మొదటి మనిషిని మా ఇంట్లో నేనే అవుతాను. బంగళా వెనక వాకిలికి చేరేసరికి నా దగ్గర ఒక్క మాటా మిగల్లేదు.

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. "ఏందమ్మా, ఇట్లొచ్చినావు? పెద్దమ్మకు ఎట్లుంది?" అంది.

చెంబు ముందుకు చాచాను. "మా అవ్వకు ఏమీ నిలవటంలే," అని ఏడ్చాను.

"అయ్యో తల్లీ," అని చేట పక్కన పెట్టి లేచింది.

ఆ రోజు దొరసాని దోర్నాల వైపు ఊళ్ళు చూడబోయిందట. పొయ్యి మీద ఏమీ లేదు. ఆమె తోటలోకి పోయి కాయలు కోసుకొచ్చి, తరిగి, పొయ్యి ముట్టించింది. దొరసానికైతే ముక్కలు కావాలి, నీళ్ళు మిగులు. ఆ పూట నీళ్ళే కావాలి, ముక్కలు మిగిలాయి. వాటిని ఒక ఆకులో పెట్టి, నాకు కొంచెం దూరంగా అరుగు మీద ఉంచింది. తినమనలేదు. అంటే నేనేమంటానో ఆమెకు భయం కావచ్చు. పొద్దున తిన్న సంగటి ఎప్పుడో అరిగిపోయింది. లవంగాల వాసన వస్తోంది. నేను ఆ ఆకు వైపు చూస్తూ కూర్చున్నాను గాని ముట్టలేదు.

తర్వాత చెంబు కింద పెట్టమంది. నిలబడి, చెంబును గాని నన్ను గాని తాకకుండా, పైనుంచి సన్నటి ధారగా పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు. కలుపు కూలీల దోసిళ్ళలో మేము నీళ్ళు పోసేది అట్లాగే. ఎన్ని ఏళ్ళు దోసిలి పట్టి ఉంటే ఆ ఒడుపు తెలుస్తుందో! మా దొడ్డివాకిట్లోనూ రోజూ అట్లాగే పోసి ఉంటుంది. నా కళ్ళు చూసింది ఆ రోజే.

"వెచ్చగ ఉండంగనే తాపమ్మా," అంది.

అవ్వ తాగింది. ఏమని అడిగావని నన్ను అడగలేదు. సాయంత్రం నాయన గడప తొక్కగానే, "నేనే తెప్పించుకున్నా. ఆ యమ్మ చేతి నీళ్ళే. తాగినా," అంది. నాయన తలగుడ్డ తీసి దులుపుకుని లోపలికి పోయాడు. మర్నాటి నుంచి వంటామె మళ్ళీ వచ్చింది. వారం తిరిగేసరికి అవ్వ లేచి కూర్చుంది. వంటామె ఆ తర్వాత కూడా దారిలో కనిపిస్తే పలకరించేది. నేనే తల దించుకుని పోయేదాన్ని. అది సిగ్గని ఆమెకు తెలిసి ఉండదు. పొగరనే అనుకుని ఉంటుంది.

చిన్నపిల్లవు, నీకేం తెలుసప్పుడు అంటారు మా వాళ్ళు. ఆ సాకు నాకొద్దు. ఏ మాటంటే పెదనాయన నవ్వుతాడో తెలిసినదానికి, ఆ మాటతో ఎవరి చెంబు వెనక్కి పోతుందో తెలియదా?

పెద్దయ్యాక కాలేజీలో అంటరానితనం మీద ఉపన్యాస పోటీ పెడితే మొదటి బహుమతి నాకే వచ్చింది. అవ్వ రోగం, దొడ్డివాకిలి, మందు అన్న మాట, పైనుంచి పోసిన ధార, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పాను. ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది. ఇప్పటికీ ఎక్కడైనా వాదించి గెలిచి ఇంటికి వస్తే, ఆ రాత్రికి నాకు ఆ వేదికే గుర్తుకొస్తుంది. ఆ ఉపన్యాసంలో, ఆకులో పెట్టిన జామ ముక్కల దగ్గరికి వచ్చేసరికి, తిన్నానని చెప్పాను.