మగపీతకు అంటగట్టిన వంశం

పెళ్ళి మాటలప్పుడు కాబోయే మామగారు అతన్ని "ఏం పని చేస్తుంటావు బాబూ?" అని అడిగారు. పీతల మీద పరిశోధన అని చెప్పేంతవరకు అతని గొంతు బాగానే పలికింది. "పీతల్లో ఏ భాగం?" అనేసరికి చెవులు ఎర్రబడ్డాయి. నిజానికి అతను చూసేది మగపీతల జననాంగాలు. కాబోయే భార్య ఎదురుగానే కూర్చుని ఉంది. "పొట్ట కిందదండీ," అని గొణిగాడు. అప్పటినుంచి మామగారికి కడుపు ఉబ్బరం చేసినప్పుడల్లా అల్లుడికే ఫోను. అల్లుడూ ఏనాడూ కాదనలేదు. వేడినీళ్ళు తాగమని, కాస్త నడవమని చెబుతూనే వచ్చాడు.

మ్యూజియంలో అందరూ అతన్ని పీతలాయన అనేవారు. వెనక వరండా చివరి గది అతనిది. అరల నిండా స్పిరిట్ సీసాలు, సీసాల నిండా పీతలు. పైనుంచి చూస్తే చాలా పీతలు అచ్చం అన్నదమ్ముల్లా ఉంటాయి. పై డిప్పను నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. అందుకే వెల్లకిలా తిప్పి, పొట్ట కింద మడుచుకున్న తోకను ఎత్తి చూడాలి. ఆడదానికి ఆ తోక వెడల్పుగా ఉంటుంది, మగదానికి సన్నగా ఉంటుంది. మగదాని తోక కింద పుల్లల్లా గట్టిగా ఒక జత అంగాలుంటాయి. వాటి కొన ఒక్కో జాతిలో ఒక్కోలా మెలితిరుగుతుంది. వీర్యం బయటికొచ్చే రంధ్రం కాలి మొదట్లో ఉందా, రొమ్ము పలక మీద ఉందా అన్నదాన్ని బట్టి ఏ వంశం ఏ కొమ్మలోదో అంచనా కడతారు. 'లోకమంతా ముఖం చూసి పోలికలు చెబుతుంది. నా బతుకేమో ఇలా తగలడింది' అని అతను తనలో తానే నవ్వుకునేవాడు.

ఒకరోజు బురదమేటల దగ్గర పట్టిన పీతల్లో అతనికో వింత దొరికింది. తోక చూస్తే ఆడదానిలా వెడల్పు. ఎత్తి చూస్తే మగ అంగాలు. అవి కూడా చిన్నగా, మెలిక లేకుండా, పీలగా ఉన్నాయి. ఇంకొకరైతే అలాంటిదే మరో పీత దొరికేదాకా ఆగేవారు. అతను ఆగలేదు. ఆడా మగా తోకలు ఇంకా వేరుపడని కాలం నాటి వంశమిదని తేల్చేశాడు. కొత్త జాతి అన్నాడు, పేరు పెట్టాడు, వ్యాసం అచ్చు వేయించాడు.

మ్యూజియం హాల్లో ఉపన్యాసం పెట్టారు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. అల్లుడు పీత అంగాన్ని తెర మీద తలుపంత బొమ్మగా చూపించేసరికి కూతురి వైపు వంగారు.

"ఇది కడుపులా లేదేమ్మా?"

"కాదు నాన్నా. ఇంటికెళ్ళాక చెప్తాను," అంది ఆమె నవ్వాపుకుంటూ.

మర్నాడు పక్క గదిలో పరాన్నజీవుల మీద పనిచేసే ఆవిడ వచ్చింది.

"ఆ పీతనొకసారి చూడొచ్చా సార్?"

"చూడండి, చూడండి. మీ పురుగులేం ఉండవు దీంట్లో," అన్నాడతను దర్జాగా.

ఆవిడ మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూసింది.

"తోక కింద ఈ మచ్చ చూశారా?"

"చూశాను. ఎక్కడో గీసుకుపోయుంటుంది."

"గీత కాదండీ. ఇక్కడొక సంచి ఉండి రాలిపోయింది. పీత ఒళ్ళంతా వేళ్ళు పాకించే పరాన్నజీవి సంచి అది. దాని పాలబడ్డ మగపీతకి అంగాలు చిన్నవైపోతాయి, తోక వెడల్పవుతుంది. పైగా ఆ సంచిని తన గుడ్లే అనుకుని తల్లిలా సాకుతుంది. మీది పాతకాలపు వంశం కాదు సార్. జబ్బుపడ్డ మామూలు పీత."

కోసి చూశారు. లోపలంతా వేళ్ళలాంటి సన్నటి పోగులు. అతనికి ముందు ఆవిడ మీద కోపం వచ్చింది, తర్వాత పీత మీద వచ్చింది. చివరికి కోప్పడటానికి తనొక్కడే మిగిలాడు.

ఇంటికొచ్చి భార్యకూ మామగారికీ జరిగింది చెప్పాడు.

"ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నారట మామయ్యగారూ. నేను ఆ దూడకి పేరు కూడా పెట్టాను."

మామగారు నవ్వలేదు. "ఆ పీత నిజంగానే ఆ సంచిని పిల్లలనుకుందా?"

"అనుకునుంటుందండీ."

"పాపం. మరి నువ్వూ ఆ వ్యాసాన్ని అలాగే మోశావుగా," అన్నారు.

ఆ మాటకి ముగ్గురికీ నవ్వాగలేదు.

చూసీచూడనట్టు ఊరుకోమని ఆఫీసులో పెద్దలు సలహా ఇచ్చారు. అతను వినలేదు. పక్క గది ఆవిడతో కలిసి, ఆ కొత్త జాతి అసలు లేనేలేదని అరపేజీ రాసి పంపాడు. అంతకుముందు అతని వ్యాసాలు చదివినవాళ్ళు అతనూ, అచ్చుతప్పులు దిద్దినాయనా, అంతే. ఈ అరపేజీకి మాత్రం ఎక్కడెక్కడి మ్యూజియాల నుంచో జాబులొచ్చాయి. కొందరు తమ సీసాలు కూడా తీసి చూసుకున్నామని సిగ్గుపడుతూ రాశారు.

చివరికి అతని పేరు పీతల వర్గీకరణ పాఠ్యపుస్తకానికి ఎక్కింది. ఒక్క పీతను చూసి వంశం కట్టకూడదన్న హెచ్చరిక పక్కన వేశారు. భార్య ఆ పేజీని దీపం దగ్గరికి తీసుకెళ్ళి శ్రద్ధగా చదివింది.

"పేరైతే తప్పుల్లేకుండా వేశారు," అంది.