శుక్రవారం సెలవు ఎందరికి?

మమత కంప్యూటర్ సైన్సు పిల్ల. కోడ్ రాయడానికి కూర్చుంటే తిండి గుర్తుండదు. స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిస్తే మాత్రం ఆకలి, నిద్ర, తలనొప్పి కూడబలుక్కుని వస్తాయి. రెండు లైన్ల ప్రోగ్రాం రాస్తే సగటు చిటికెలో వచ్చిపడుతుంటే, దాని అర్థంతో తనకేం పని అనుకుంది. అలా అనుకున్నందుకు దోహాలోని ఆమె కాలేజీ ఆ పేపర్లో నిక్షేపంగా ఫెయిల్ చేసింది. ఈసారీ తప్పితే స్నేహితులు మూడో ఏడాదికి పోతారు, తను జూనియర్ల పక్కన కూర్చోవాలి. ఆ తలవంపులు తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

గట్టెక్కాలంటే ఒక సర్వే చేసి, అక్కడ వారం మొదలయ్యే ఆదివారం నాడు, స్టాటిస్టిక్స్ చెప్పే రసూల్ సార్ ముందు పెట్టాలి. సార్‌ది కర్నూలు. క్లాసులో ఇంగ్లీషు, గదిలో తెలుగు.

ఖతర్‌లో పనిచేసే మనవాళ్ళలో ఎందరికి శుక్రవారం సెలవు? ఇదీ మమత ఎంచుకున్న ప్రశ్న. శుక్రవారం సాయంత్రం తండ్రి సురేందర్‌ను వెంటబెట్టుకుని నజ్మా బజారుకు వెళ్ళింది. సైటు ఫోర్‌మన్ కాబట్టి ఆయనకు అక్కడ తెలియని ముఖం లేదు. లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన జగిత్యాల, నిర్మల్ వాళ్ళతో హోటళ్ళ ముందు కాలు పెట్టే సందు లేదు.

"మా బిడ్డ సదువుకోసమే, జర చెప్పుండ్రి," అన్నాడు సురేందర్.

అడిగినవాళ్ళంతా చెప్పారు. ఒకాయన అడగకుండానే తన అల్లుడి గురించి కూడా చెప్పాడు.

దాదాపు అందరికీ సెలవే. గ్రాఫు ముద్దొచ్చేలా ఉంది. మమత సంబరం పట్టలేక, పక్కపేట అల్ హిలాల్‌లో తల్లి విజయరాణి పనిచేసే బ్యూటీ పార్లర్‌కు పరుగెత్తింది. విజయరాణి ఒకామెకు కనుబొమలు తీస్తోంది. దారం కొస పళ్ళ మధ్య ఉంది, నోరు మెదిపే వీల్లేదు.

"అమ్మా, నేను పాసైనట్టే. మనోళ్లందరికి శుక్రారం సెలవేనట."

విజయరాణి తాపీగా రెండు కనుబొమలూ ముగించి దారం తీసింది.

"మంచిగైంది బిడ్డా. మరి నేను మనోళ్లల్ల లేనా?"

నవ్వుతూనే అంది. ఈలోగా కుర్చీలో ఇంకొకామె కూర్చోనే కూర్చుంది. పార్లర్‌కు శుక్రవారమే ఊపిరాడని రోజు. మమతకు చెప్పలేనంత సిగ్గేసింది. సెలవు రోజున, సెలవున్నవాళ్ళు చేరే చోటికి పోయి, మీకు సెలవుందా అని అడిగి వచ్చింది ఘనంగా. అక్కడ తనకు టీ పోసిన మనిషిని కూడా అడగలేదు.

ఇంత అందమైన గ్రాఫు. పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. సార్ కనిపెట్టకపోవచ్చు కూడా. రాత్రంతా గింజుకుని, శనివారం తండ్రితో మళ్ళీ బయలుదేరింది. బంగళాలుండే ముఐథర్‌లో గేట్ల ముందు కార్లు తుడుస్తున్న డ్రైవర్లను, ఇళ్ళలో వంట చేసే ఆడవాళ్ళను, హోటళ్ళలో కప్పులు కడిగేవాళ్ళను డ్యూటీలోనే పట్టుకుంది. వాళ్ళనూ కలిపాక గ్రాఫు అందం పోయింది.

ఆదివారం రసూల్ సార్ పేజీలన్నీ తిప్పి పాసు మార్కులు వేశాడు. పెన్ను మూస్తూ అడిగాడు.

"తేదీలు చూస్తే శుక్రవారానికే పని అయిపోయినట్టుందే. మళ్ళా శనివారం ఎందుకు తిరిగినావమ్మా?"

పాసైన పిల్ల నవ్వాలి కదా. మమత కళ్ళు నిండాయి.

"మొదటి లెక్కల మా అమ్మ లేదు సార్. ఒకటే ఇంట్ల ఉంటం. అయినా నాకు యాదికి రాలే."