తోటను శుభ్రం చేసిన రోజు

మా అపార్ట్‌మెంటువాళ్లకు ప్రకృతి అంటే ప్రాణం. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఆ ప్రేమనంతా బస్సెక్కించి విజయనగరం దాటిస్తారు. ఆ ఏడు నెల్లిమర్ల అవతల, చంపావతి ఏటి ఒడ్డున ఒక మామిడితోటలో దిగాం. దిగగానే ‘చెట్లను కాపాడుదాం’ అన్న ఫ్లెక్సీని మామిడిచెట్టుకు మేకులు కొట్టి బిగించారు.

అప్పటికి మా బాబుకు మూడేళ్లు. చలిగాలి తగిలితే చాలు, వాడి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకే రానన్నాను. తోటగాలి పిల్లాడికి మంచిదని అత్తగారు పట్టుబట్టి తీసుకొచ్చారు. ఆవిరిమందు పట్టే మెషిన్ కరెంటుది కాబట్టి ఇంట్లో ఉండిపోయింది. నా సంచిలో దగ్గుమందు, మఫ్లరు, బోలెడంత భయం ఉన్నాయి.

వనభోజనమంటే ఉసిరిచెట్టు కింద తినాలి. ఆ తోటలో ఉసిరిచెట్టు లేదు. మావాళ్లు అంత తెలియనివాళ్లు కాదు. ఎవరి పెరట్లోనో పెద్ద కొమ్మ నరికించి తెచ్చి ఇసుక బకెట్లో నిలబెట్టారు. వాడిపోతున్న ఆ కొమ్మకు పసుపు రాసి, దీపం పెట్టి, అందరం భక్తిగా దండం పెట్టుకున్నాం.

భోజనాలు అరిటాకు బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ ప్లేట్లలో. తింటూ ఉండగా మా అసోసియేషన్ సెక్రటరీ, రిటైరైన హెడ్మాస్టరు, పచ్చదనం గురించి చాలాసేపు చెప్పారు. ఖాళీ గ్లాసులు మాత్రం ఆగి వినలేదు, గాలికి ఏటివైపు దొర్లుకుంటూ పోయాయి.

ఆ తర్వాత శుభ్రత. ప్లేట్లు, గ్లాసులు, థర్మాకోల్ కప్పులు అన్నీ ఒకచోట కుప్పపోసి అంటించారు. నల్లటి పొగ లేచి నేరుగా మావైపే వచ్చింది. బాబును ఎత్తుకుని ఏటి ఒడ్డుకు పరిగెత్తాను. పొగ అక్కడికీ వచ్చింది. వాడికి దగ్గు, వెంటనే పిల్లికూతలు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. బస్సేమో సాయంత్రానికి గానీ రాదు.

వెనక్కి వచ్చి మంట ఆర్పమని సెక్రటరీగారిని బతిమాలాను.

“ఏటమ్మా, సదువుకున్నదానివి. సెత్త ఇలా ఒగ్గీసి పోతే తోటవోలు ఏటనుకుంటారు? రెండు నిమిషాల్లో కాలిపోయి సుబ్బరమైపోతాది,” అన్నారు ఓపిగ్గా.

బాబును అత్తగారి చేతుల్లో పెట్టాను. నీళ్ల క్యాన్లన్నీ ఖాళీ. ఇళ్లకు పంచుకుందామని దాచిన సాంబారు గిన్నె ఒక్కటే కనిపించింది. తీసుకెళ్లి మంట మీద బోర్లించాను.

అప్పటిదాకా పొగ కనిపించనివాళ్లందరికీ సాంబారు కనిపించింది. పిల్లాడు దగ్గితే ఇంత అఘాయిత్యమా అని ఒకావిడ, పెంపకం ఎలాంటిదో అని ఇంకొకావిడ. పెంపకం మాట వచ్చేసరికి నేను అత్తగారివైపు చూడలేకపోయాను. ఆవిడ మాత్రం బాబు వీపు రాస్తూ కుప్పనే చూస్తున్నారు.

“ఒసే, ఆ పక్క ఇంకా రేగతన్నాది. సారు గిన్నె ఉన్నాది సూడు, అదీ పొయ్యి,” అన్నారు.

చారు కూడా పోశాను. మంట పూర్తిగా ఆరింది.

తోటను పాడుచేసింది నేనేనని సాయంత్రానికల్లా అందరూ తేల్చారు. బస్సులో మా పక్కన ఎవరూ కూర్చోలేదు. దాంతో బాబును ఒళ్లో ఏటవాలుగా పడుకోబెట్టుకోవడానికి చోటు దొరికింది. అత్తగారు కిటికీ అద్దం మూసి, కొంగుతో వాడి ఛాతీ కప్పారు. ఊరు వచ్చేదాకా ఆ కొంగు మీద నుంచి చెయ్యి తీయలేదు నేను. కూతలు సన్నబడుతున్నాయి.