పేరు ముందరి 'డా.'

ఈ ఉదయం మా అన్న కొడుకు, వాళ్ల నాయిన దశదినకర్మ కార్డు అచ్చుకిచ్చే ముందు నా దగ్గరికి వచ్చి, తెల్లకాగితం ముక్క ఒకటి చేతికిచ్చి, "అత్తా, నీ పేరు ఎట్ల రాయాల్నో రాసియ్యి" అన్నాడు. అన్న పోయి ఆరు రోజులయింది. ఆ మాట మాత్రం అచ్చంగా అన్న మాటే.

నాగల్‌గిద్ద దగ్గరి మా ఊళ్లో కంది చేను నమ్ముకుని నన్ను చదివించినవాడు మా అన్న. మా రోజుల్లో ఆడపిల్ల పదో తరగతి దాటడమే ఎంత గొప్పో మీకు తెలియనిది కాదు. అలాంటిది నేను నారాయణఖేడ్‌లో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం కూడా సమర్పించానని తెలిసేసరికి ఆయన ఆగలేక, కూతురి పెళ్లి కార్డులో నా పేరు ముందు 'డా.' అని వేయించుకొచ్చాడు. ఇంకా వైవా కాలేదు. పట్టా ఇచ్చినట్టు ప్రకటించేదాకా ఆ మాట రాసుకోకూడదని మా గైడు గట్టిగా చెప్పి ఉన్నారు. ఆయన కంట పడితే నా గతేమిటన్న భయంతో, చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది, కార్డుల కట్టలన్నీ ముందేసుకుని, అన్న చూస్తుండగానే, ఒక్కొక్కదాని మీదా నల్ల సిరాతో కొట్టేశాను. "ఊరోళ్లు సూసి మురుస్తరనుకున్ననే" అని మాత్రం అన్నాడు. ఆ గీతలు పడ్డ కార్డులనే ఊరూరా తిరిగి పంచాడు.

మరుసటి ఏడాది పట్టా వచ్చింది. అప్పటినుంచి కొడుకు పెళ్లయినా, గృహప్రవేశమైనా, కార్డు వేయించే ముందు అన్న బస్సెక్కి వచ్చి, నా పేరు నా చేతే రాయించుకునేవాడు. తన పేరుకు తానే బిరుదు తగిలించుకోవడం మర్యాద కాదని నేర్చుకున్నదాన్ని కదా, ఉత్త పేరే రాసిచ్చేదాన్ని. ఈసారైనా తనంతట తాను వేయిస్తాడేమోనని కార్డు రాగానే ఆత్రంగా విప్పేదాన్ని. ఉత్త పేరే ఉండేది. ఇంకా కోపం పోలేదు కాబోలనుకుని, మొండిమనిషని లోలోపల తిట్టుకుని, ఒక్కసారీ అడగకుండానే ఇన్నేళ్లూ గడిపేశాను.

ఇవాళ మేనల్లుడికి కూడా ఉత్త పేరే రాసివ్వబోతే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నాయిన ఎప్పుడు గిదే జెప్పేటోడత్తా. మనమే ఏపిస్తె మల్ల కొట్టేసుకుంటది, అత్త తన చేత్తోని డాక్టరని రాసిస్తెనే ఎయ్యాలె అని. ప్రతిసారి గా కాగితం జూస్కుంట బస్సు దిగేటోడు."

నా బొంద మర్యాద! ఇప్పుడు ఖేడ్‌లో ఏ ఫ్లెక్సీ చూసినా పేర్ల ముందు 'డా.' కనబడుతుంది, ఎక్కడిదని అడిగేవాళ్లూ లేరు, సిగ్గుపడేవాళ్లూ లేరు. అంత పట్టింపుగా ఉండి నేనేం బావుకున్నాను? పెన్ను తీసుకుని, జీవితంలో మొదటిసారి నా చేత్తో నా పేరు ముందు 'డా.' అని రాసి అల్లుడికిచ్చాను. రేపు సాయంత్రానికి కార్డులు వస్తాయట. చూసి మురిసే ఒక్క మనిషి పేరూ ఆ కార్డు మీద పైనే ఉంటుంది, స్వర్గీయ అని.