పోయొస్తానని చెప్పకుండా వచ్చిన పూట

బతికున్న మనిషి గుమ్మానికి పూలదండ తెప్పించిన సైకాలజీ విద్యార్థి లోకంలో నేనొక్కడినే అయ్యుంటాను. నవ్వండి, పర్వాలేదు. చివరికొచ్చేసరికి ఆ నవ్వు ఎంత మిగులుతుందో మాత్రం నేను చెప్పలేను.

ఎమ్మేలో కమ్యూనిటీ సైకాలజీ పేపరుకు ఫీల్డ్ వర్క్ ఉండేది. మార్కాపురంలో పుట్టి పెరిగినవాణ్ణి కదా అని పుల్లలచెరువు వైపు ఒక ఊరిని నాకూ, మరో ఇద్దరు క్లాస్‌మేట్లకూ అప్పగించారు. అక్కడ ఓబులయ్య మామ అనే రైతు ఉన్నాడు. నాకేమీ చుట్టం కాదు. ఆ ఊళ్లో అందరూ అందరికీ ఏదో ఒక వరసే. వేసిన బోర్లన్నీ ఎండిపోయాక ఆయన మంచం దిగడం మానేశాడు, నోరు విప్పడం మానేశాడు. పొలం గట్టు తగాదా పడ్డ తమ్ముడితో అయితే ఏళ్లుగా మాటల్లేవు. భార్య సుబ్బమ్మత్త భయపడి, పురుగుమందు డబ్బాలు తీసుకెళ్లి పక్కింట్లో పెట్టి వచ్చింది.

బయల్దేరే ముందు మా మేడమ్ గట్టిగా చెప్పారు. ఆ ఇళ్లలో ఏమీ పుచ్చుకోవద్దు. గొంతు తగ్గించి మాట్లాడండి, మౌనానికి భయపడొద్దు. మళ్లీ వస్తామని నిలబెట్టుకోలేని మాట ఇవ్వొద్దు. అన్నీ బంగారం లాంటి మాటలే. పాటించినవాడి బుర్రే ఇత్తడి.

ముగ్గురం తెల్లచొక్కాలు తొడుక్కుని వెళ్లాం. మంచం పక్కన నేలమీద కూర్చున్నాం. నేను మామ చెయ్యి పట్టుకుని చాలాసేపు మౌనం పాటించాను. ఎంత బాగా పాటించానంటే, నా మీద నాకే గౌరవం కలిగింది. వాకిట్లోంచి ఇరుగుపొరుగు తొంగి చూస్తున్నారు. అత్త టీ తెస్తే వద్దన్నాం. లేచి, తలలు వంచుకుని, ఒక్క మాటైనా అనకుండా బయటికొచ్చాం. కుళాయి దగ్గర బిందె పట్టుకున్న ఒకావిడ ఓబులయ్య ఎట్ల ఉన్నాడని అడిగింది. క్లయింటు సంగతి గోప్యం కదా!

"ఆయన గురించి ఇంక మేమేమీ చెప్పలేమమ్మా," అన్నాను, మెల్లగా.

మా వైపు పసిపిల్లలకైనా తెలుసు: చావు జరిగిన ఇంట్లో టీ తాగరు, లేచి వచ్చేటప్పుడు "పోయొస్తా" అనరు. మా అమ్మ నాకు చెప్పి చెప్పి అలిసిపోయింది. సిలబస్ వచ్చి అమ్మను బయటికి నెట్టింది.

మేం బస్సు కోసం నిలబడి ఉండగానే ఊళ్లోంచి ఏడుపులు వినిపించాయి. మేం వచ్చేశాక ఆయనేమైనా చేసుకున్నాడేమోనని పరుగెత్తాం. చూస్తే ఇంటి నిండా జనం. గుమ్మంలో ఆయన తమ్ముడు, చేతిలో దండ.

"నాతో మాట్లాడకుండానే పోయినావా అన్నా," అని తల బాదుకుంటున్నాడు.

లోపల మంచం కిర్రుమంది. ఓబులయ్య మామ పంచె సర్దుకుంటూ గడప దాకా వచ్చాడు.

"ఏంది? ఎవరు పోయినారు?"

ఏడుపులు ఆగిపోయాయి. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను మనిషిని బాగుచేయబోయి శవాన్ని చేశాను. మామ దండ వైపు చూశాడు, తమ్ముడి మొహం వైపు చూశాడు, లోపలికి రమ్మన్నాడు. జరిగింది తెలిశాక అత్త అందరికీ టీ పెట్టింది. నన్ను దగ్గరుండి తాగించింది.

"ఎవరింటికి పోయినా టీ తాగు నాయనా. పోయొస్తానని చెప్పు," అన్నాడు మామ. "లేకుంటే నీ చదువుకు ఊళ్లు ఖాళీ అయితాయి."

ఆ రోజు నుంచి ఆ మాట తప్పలేదు. అదే కొంప ముంచింది.

మరుసటి ఎండాకాలం మామ నిజంగానే పోయాడు. నిద్రలోనే, గుండె ఆగి. వెళ్లాను. గుమ్మం దగ్గర తమ్ముడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. లేచేటప్పుడు అలవాటు కొద్దీ నోరు జారింది.

"పోయొస్తానత్తా."

ఒక పెద్దాయన నన్ను కళ్లతోనే పాతిపెట్టాడు. సుబ్బమ్మత్త తలెత్తింది.

"రా నాయనా. వచ్చి పోతా ఉండు. ఇంక నాతో మాట్లాడేటోళ్లు ఎవరుండారు?"

కనుక పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ గడప తొక్కినా ముందు మా అమ్మనడిగి, ఆ తర్వాతే సిలబస్ చూస్తాను. చావింట్లో ఆ మాట చచ్చినా అనను. ఆ ఒక్క ఇంట్లో మాత్రం అన్నాను కాబట్టి, పోతున్నాను, వస్తున్నాను.