హద్దురాయి మీద కాలు

మూడు అర్జీలు పెట్టినా ఎవరూ పలకలేదు కాబట్టి ఆ సర్వేయరు గురించి ఇక్కడ రాస్తున్నాను. సింహాచలం అవతలి పల్లెలో మేం ఇల్లు కొన్నప్పుడు హద్దులు కొలిచింది ఆయనే. హద్దురాయి మీద చెప్పుల కాలు పెట్టి మాట్లాడటం ఆయన అలవాటు.

"దస్తావేజులో కొలతలు కూడా సూడు బావ" అన్నాను.

"కాగితాలేటి బావ, రాయి ఉంది కదా. పసుపు రాసీ, కొబ్బరికాయ కొట్టీ, సాలు" అన్నాడు.

స్థలం కొంటే మా వైపు అలాగే చేస్తాం. మా ఆవిడ రాసిన పసుపు ఆరకముందే ఆయన మళ్లీ దానిమీద కాలు పెట్టి, మా కొలతల కాగితం మీద సంతకం చేశాడు.

ఏడాది తిరక్కుండా పక్కింటివాళ్ల తరఫున కొలవడానికి వచ్చాడు. మా వంటగది మధ్యగా సున్నంతో గీత గీసి, అవతలి సగం వాళ్లదన్నాడు.

"మరి అప్పుడు నువ్వు సూపించిన రాయేటి బావ?"

"దానికి పూజ సేసింది నువ్వు. నన్నడుగుతావేటి?" అని నవ్వాడు. లోపల చారు కాస్తున్న మా ఆవిడతో, "పొయ్యి ఇటు జరుపుకో సెల్లీ, సారు పొంగకముందే" అన్నాడు.

పక్కింటివాళ్లు మా వంటగది గోడ కూల్చేశారు. రెండు కొలతల కాగితాలూ నా దగ్గరున్నాయి. రెండింటి మీదా ఆయన సంతకమే ఉంది. వాటిలో ఏది అబద్ధమో ఆయనైనా, ఆయన్ని పంపిన ఆఫీసైనా నాకు రాతపూర్వకంగా చెప్పాలి.