గోపాలస్వామి టమాటా ముడి

దేవుడు గోపాలస్వామికి మంచి నేల ఇచ్చాడు, ఎండని బోరు ఇచ్చాడు, మాధవి లాంటి భార్యను ఇచ్చాడు. ఇన్ని ఇచ్చిన దేవుడికి ఆయన తిరిగి ఇచ్చింది గుడి గోడ మీద తన పేరు ఒక్కటే. అదీ దేవుడి పేరుకంటే పెద్ద అక్షరాల్లో.

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దోవలో మా ఊరు. గోపాలస్వామి ఇక్కడ టమాటా పండిస్తాడు, మదనపల్లె యార్డులో అమ్ముతాడు, మిగిలిన పొద్దంతా తన గొప్ప చెప్పుకుంటాడు. ఆయన అత్తగారి ఊరు కుప్పం దిక్కున, రామకుప్పం పక్కన. అక్కడ రాగి చేలమీద ఏనుగులు పడుతున్నాయని విని ఒకసారి సైరన్ పెట్టె కొనుక్కుని పోయాడు. సైరన్ మోగింది. ఏనుగులు మేస్తూనే ఉన్నాయి. ఊళ్ళో పసిబిడ్డలు మాత్రం ఉలిక్కిపడి ఏడ్చారు. అల్లుడి మొహం చిన్నబోతుందని మామ, "ఒక ఏనుగు కొంచెం తల తిప్పింది నాయనా" అన్నాడట. ఆ మాటలో ఉన్న దయ మనకు కనబడుతుంది. గోపాలస్వామికి కనబడలేదు. ఏనుగును మళ్ళించి వచ్చానని యార్డంతా చెప్పుకున్నాడు.

ఆ సంవత్సరం వానలు బాగా పడి మా చెరువు నిండింది, మిగులు నీళ్ళు పొర్లి మరవ పారింది. ఎన్నో ఏండ్లుగా చూడని సంగతి. చెరువు మరవ పారితే గంగమ్మకు తెప్పదీపం వదలడం మా ఊరి ఆచారం. అరటిబోదె తెప్పమీద పిండిదీపం పెట్టి, ఈతగాడు ఒకడు దాన్ని నడిచెరువుకు నెట్టుకుపోతాడు. దీపం ఆరకుండా అక్కడికి చేరాలి. ఈసారి ఆ దీపం మా ఊరి రెడ్డెమ్మవ్వది. తన బోరు ఎండిన కాలంలో, "చెరువు నిండితే నా చేత్తో దీపం పంపుతాను తల్లీ" అని మొక్కుకుంది. అప్పటినుంచి శుక్రవారం అన్నం ముట్టలేదు. ఇంటిముందుకు వచ్చినవాళ్ళకు మాత్రం ఆ రోజు కూడా వండి పెట్టేది.

ఎప్పుడూ తెప్ప నెట్టే పాపయ్యకు ఇప్పుడు ఆయాసం. గట్టునుంచి వల విసిరి చేపలు పడతాడుగానీ ఈదలేడు.

"పాపయ్య యాల? నా పడవ ఉండాది గదా!" అన్నాడు గోపాలస్వామి.

చేతిలోని రిమోట్‌తో నడిచే పడవ. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. చంటిబిడ్డ పట్టేంత పొడుగు. మూత తీస్తే లోపల రెండు బ్యాటరీలు, ఇటుకబిళ్ళల్లా బరువు. వాటిని కదలకుండా బిగించడానికి అంటుకునే పట్టీ ఒకటి, కింద వేయడానికి స్పాంజి ముక్క ఒకటి వచ్చాయి. పట్టీని తీసి సెల్‌ఫోను నిలబడడానికి బైకు హ్యాండిల్‌కు చుట్టుకున్నాడు. స్పాంజి ఎక్కడ పారేశాడో ఆయనకే తెలియదు. బ్యాటరీలను చెరొక పక్క పెట్టి, పురికొసతో టమాటా ముడి వేశాడు.

టమాటా ముడి అంటే వదులు ముడి. చెట్టును కట్టెకు కట్టేటప్పుడు కాండం లావయ్యేదానికి వేలు దూరేంత సందు వదులుతాం. బిగిస్తే పురికొస కోసుకుని చెట్టు చస్తుంది. మా పక్క పుట్టినవాళ్ళ చేతికి వేరే ముడి రాదు.

"అట్ల కడితే జరగవా అవి?" అనింది మాధవి.

"బ్యాటరీ వేడెక్కతాది, ఉబ్బుతాది. దానికీ సందుండాల. నీకేం తెలుసు, పో!"

"చెట్టయితే యాడికీ పోదు. పడవ పోతాది గదా!"

"ఓహో, ఇంజనీరమ్మ వచ్చిందప్పా!" అని గట్టుమీదివాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. ఒకరిద్దరు కలిసి నవ్వారు. వాళ్ళకు ఆయన ట్రాక్టరు కావాలి.

శుక్రవారం సాయంకాలం రెడ్డెమ్మవ్వ పడవ మీద దీపం పెట్టి, నీళ్ళకు దండం పెట్టింది. అవ్వ చేత్తో పంపాల్సిన దీపం. రిమోట్ మాత్రం గోపాలస్వామి చేతిలోనే. నేరుగా పోనిచ్చి ఉంటే ఏమయ్యేదో గానీ, నేరుగా పోతే ఆయన గొప్ప ఏముంది? "సూడండి, సూడండి!" అంటూ పడవను గిర్రున తిప్పాడు. లోపల రెండు బ్యాటరీలూ ఒక పక్కకే జారాయి. పడవ ఆ పక్కకు ఒరిగింది, ఒరిగి బోర్లా పడింది. దీపం ఆరిపోయింది.

అవ్వ నీళ్ళవైపు తిరిగి గంగమ్మను తలుచుకుంటోంది.

"నూనె శానా పోసినావవ్వా! బరువెక్కువైంది" అన్నాడు మహానుభావుడు. తన తప్పు మోయడానికి ఆకలితో ఉన్న ముసలామెను వెదుక్కున్నాడు.

పాపయ్య దగ్గుతూనే వల విసిరి పడవను గట్టుకు లాగాడు. మాధవి ఎవరినీ అడగలేదు. బైకు దగ్గరికి పోయి ఆ పట్టీ విప్పుకొచ్చింది. పడవ మూతకు రబ్బరు ఉండబట్టి లోపలికి చెమ్మ మాత్రమే పోయింది. కొంగుతో తుడిచింది. పురికొస కోసేసింది. పాపయ్య భుజంమీది తువ్వాలు ఇస్తే మడిచి అడుగున పరిచి, రెండు బ్యాటరీలనూ నడిమధ్యలో ఒకదానికొకటి ఆనించి పెట్టి, పట్టీ లాగి బిగించింది. పడవను ఎత్తి అటూ ఇటూ ఊపింది. లోపల చప్పుడు రాలేదు.

"నా ఫోను పట్టీ!" అన్నాడు గోపాలస్వామి. ఆ సమయంలో ఆయనకు తోచిన మాట అదీ.

మాధవి ఆయన చేతిలోంచి రిమోట్ తీసుకుని అవ్వ చేతిలో పెట్టింది. "ఈ పుల్లను ముందుకు తొయ్యవ్వా. తిప్పొద్దు. నీ చేత్తోనే పంపాల గదా."

"ఆరిన దీపం మళ్ళా పెడితే తల్లి కోపం చేస్తాదేమోమ్మా!"

"మన ఇంట్లో పొయ్యి ఆరితే మళ్ళా ముట్టించుకోమా? ఆ తల్లికీ తెలుసులే."

అవ్వ కొత్త వత్తి వేసి వెలిగించింది. బొటనవేలితో పుల్లను తోసింది. పడవ పల్లకీలా, ఒరగకుండా, నేరుగా పోయింది. నడిచెరువులో దీపం చుక్కంత అయ్యి నిలబడింది. అవ్వ కండ్లనీళ్ళు తుడుచుకోలేదు, రెండు చేతులూ రిమోట్ మీదే ఉన్నాయి.

ఆ తర్వాత ఆమె ప్రసాదం పంచింది. మొదటి ఆకు తీసుకుపోయి గోపాలస్వామికే ఇచ్చింది. "నీ పడవ లేకుంటే నా మొక్కు తీరేది కాదు నాయనా. సల్లగుండు" అనింది.

ఆయన ఒక ముద్ద నోట్లో వేసుకుని, "బెల్లం తక్కువైందే అవ్వా" అన్నాడు.